ఊరికే కూర్చునే వయసు

స్నేహితుల మీద వచ్చిన సినిమాల్లో నా మనసులో నిలిచిపోయినవన్నీ చేతిలో పెద్దగా డబ్బు లేనివాళ్ళు తీసినవే. పేరున్న హీరో, విదేశాల్లో పాటలు, వందమంది డాన్సర్లతో కాలేజీ ఫంక్షను ఉన్న సినిమా చూస్తున్నంతసేపూ సరదాగానే ఉంటుంది. వారం తిరిగేసరికి ఓ పాట పల్లవి తప్ప ఏమీ గుర్తుండదు. అదే ఓ ఇరుకు గదిలో నలుగురు చేరి, ఎవరి దగ్గరెంత ఉందో జేబులు తడుముకుంటూ, మొదలూ చివరా లేని కబుర్లు చెప్పుకునే సినిమా అయితే ఏళ్ళతరబడి వదిలిపెట్టదు. చదువు అయిపోయి, బతుకింకా కుదురుకోని ఆ నాలుగైదేళ్ళ సంగతి ఉన్నదున్నట్టు చెప్పినవి ఈ చిన్న సినిమాలే. ఎందుకిలా అని ఆలోచిస్తే నాకు తోచింది ఒకటే. స్నేహాన్ని చూపించాలంటే తీరిక కావాలి. ఖర్చు పెరిగేకొద్దీ సినిమాకి తీరిక తగ్గిపోతుంది.

మాటవరసకి అనడం లేదు, దీనికి అడుగుల్లో లెక్క ఉంది. ఫిల్ము మీద సినిమాలు తీసే రోజుల్లో 35 ఎం.ఎం. కెమెరాలో 400 అడుగుల రోల్ ఎక్కిస్తే నాలుగున్నర నిమిషాలు కూడా తిరిగేది కాదు. ఆ రోల్ కొనాలి, ల్యాబ్‌లో కడిగించాలి, ప్రింటు వేయించాలి. దానికి తోడు హీరోగారి డేట్లు, జనరేటరు, లైట్లు, యూనిట్ మొత్తానికి భోజనాలు, టైము దాటితే ఇంకో కాల్షీటు. ఇన్నిటి మధ్య ఒకడు గోడకానుకుని "టీ తాగుదామా?" అంటాడు. రెండోవాడు "ఇప్పుడేగా తాగొచ్చాం" అంటాడు. మూడోవాడు ఏమీ అనకుండా లేచి చెప్పులు వేసుకుంటాడు. ఈ అరనిమిషం కథని ఒక్క అంగుళం కూడా ముందుకి జరపదు. అందుకని ఎడిటింగ్ దాకా రాకుండానే, స్క్రిప్టు దగ్గరే కొట్టేస్తారు. కానీ ముగ్గురి మధ్యా ఉన్నదేమిటో తెలిసేది అక్కడే. అడిగినవాడికి టీ మీద ధ్యాస లేదు, గదిలో ఉండలేకపోతున్నాడు. వద్దన్నవాడు కూడా వాళ్ళ వెనకే మెట్లు దిగుతాడు. చెప్పులేసుకున్నవాడికి ఇద్దరి సంగతీ తెలుసు. ఇదంతా తెరమీదికి రావాలంటే, ఇది డబ్బు దండగ అని చెప్పే మనిషి సెట్లో ఉండకూడదు.

అలాంటి మనిషి లేని సెట్టు ఎలా ఉంటుందో చూడాలంటే న్యూజెర్సీ వెళ్ళాలి. అక్కడ లియొనార్డో అనే చిన్న ఊళ్ళో క్విక్ స్టాప్ అని ఓ కొట్టు ఉంది. పాలు, సిగరెట్లు, పేపర్లు, కాఫీ అమ్ముతారు. కెవిన్ స్మిత్ అనే కుర్రాడు అందులో కౌంటర్ దగ్గర పనిచేసేవాడు. తన ఇరవై ఒకటో పుట్టినరోజున న్యూయార్కు వెళ్ళి రిచర్డ్ లింక్‌లేటర్ తీసిన 'స్లాకర్' చూశాడు. ఆస్టిన్ నగరంలో ఓ పనంటూ పెట్టుకోని మనుషులు ఒకరి తర్వాత ఒకరు కనిపించి, తోచింది మాట్లాడి వెళ్ళిపోతుంటారు అందులో. ఇదీ సినిమాయే అయితే నేనూ తీయగలను అన్న ధైర్యం అతనికి అక్కడే వచ్చింది. వాంకూవర్‌లో ఓ ఫిల్మ్ స్కూల్లో చేరాడు, మధ్యలో మానేసి తిరిగొచ్చి మళ్ళీ అదే కౌంటర్ వెనక నిలబడ్డాడు. ప్రాణంగా దాచుకున్న కామిక్ పుస్తకాలు అమ్మేశాడు. క్రెడిట్ కార్డులన్నీ చివరిదాకా వాడేశాడు. అలా పోగేసిన 27,575 డాలర్లతో 16 ఎం.ఎం. నలుపు తెలుపు ఫిల్ము మీద 'క్లర్క్స్' తీశాడు.

పగలంతా కొట్టులో ఉద్యోగం. రాత్రి కొట్టు కట్టేశాక అదే కొట్టులో షూటింగు. కథేమో పగలు జరగాలి. అద్దాల్లోంచి బయటి చీకటి కనిపిస్తే గుట్టు బయటపడిపోతుంది. ఈ చిక్కుని దాచడానికి అతను చేసిన ఏర్పాటు నాకు చాలా ఇష్టం. ఎవరో ఆకతాయిలు షట్టర్ తాళాల్లో చూయింగ్ గమ్ కూరారనీ, అవి ఇక తెరుచుకోవనీ కథలోనే రాసేశాడు. షట్టర్లు మూసే ఉంటాయి, అద్దాల గొడవ తీరిపోయింది. మరి కొట్టు తెరిచే ఉందని జనానికి ఎలా తెలియాలి? డాంటే అనే ఆ గుమాస్తా ఓ తెల్ల దుప్పటి తీసుకుని, దానిమీద బూట్ పాలిష్‌తో, కొట్టు తెరిచే ఉంది నన్ను నమ్మండి అన్న అర్థం వచ్చేలా పెద్దపెద్ద అక్షరాలు రాసి వీధిలోకి వేలాడదీస్తాడు. ఇరవై రెండేళ్ళవాడు లోకానికి చెప్పుకోవాల్సిన మాట అదే కదా. పైకి అన్ని దారులూ మూసుకుపోయినట్టే ఉంటుంది. లోపల మాత్రం వాడు పొద్దున్నించీ సిద్ధంగా కూర్చునే ఉంటాడు. లక్షల డాలర్ల సెట్టు వేసి, పగలే లైట్లు పెట్టి తీసి ఉంటే ఆ దుప్పటి పుట్టేదే కాదు.

డాంటే స్నేహితుడు రాండల్ పక్కనే వీడియో క్యాసెట్ల షాపులో పనిచేస్తాడు. పనిచేస్తాడనే గానీ ఎప్పుడూ తన కౌంటర్ దగ్గర ఉండడు, ఇక్కడే వేలాడుతుంటాడు. 'స్టార్ వార్స్' సినిమాల్లో దుర్మార్గుల అంతరిక్ష కేంద్రాన్ని రెండోసారి పేల్చేసినప్పుడు అదింకా కడుతూ ఉన్నారు కదా, మరి దానిమీద పనిచేస్తున్న ప్లంబర్లూ రూఫింగ్ పనివాళ్ళూ ఏ పాపం చేశారని చచ్చిపోయారు అని వాళ్ళిద్దరూ తీవ్రంగా చర్చించుకుంటారు. సామాన్లు కొనడానికొచ్చిన ఓ మనిషి, ఇళ్ళకి పైకప్పులు వేసేవాడు, మధ్యలో కల్పించుకుని ఎవరి ఇంటికి పని ఒప్పుకోవాలో ఎవరిది వదులుకోవాలో తన అనుభవంలోంచి చెబుతాడు. ఎవరి పెళ్ళీ ఆగలేదు, ఎవరి ప్రాణమూ పోలేదు, కథ ఉన్నచోటే ఉంది. అయినా ఆ కొన్ని నిమిషాల్లో మూడు జీవితాలు తెలిసిపోతాయి. 16 ఎం.ఎం.లో అదే 400 అడుగుల రోల్ 11 నిమిషాలు తిరుగుతుంది. చవకరకం ఫిల్ము ఇచ్చిన వరం అది. 1994లో సన్‌డాన్స్ ఉత్సవంలో వేశాక మిరామాక్స్ సంస్థ ఆ సినిమా కొనుక్కుంది. 2019లో అమెరికా జాతీయ గ్రంథాలయం వాళ్ళు భద్రపరచాల్సిన చిత్రాల పట్టీలో దాన్ని చేర్చారు.

మన దగ్గర ఆ ధైర్యం చేసినవాడు నాగేష్ కుకునూర్. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్ళి అట్లాంటాలో ఉద్యోగం చేసుకుంటున్న హైదరాబాదీ. ఉద్యోగంలో కూడబెట్టిన డబ్బు పట్టుకుని సొంతూరికొచ్చి, తనే రాసుకుని, తనే తీసి, తనే ముఖ్య పాత్ర వేసి 'హైదరాబాద్ బ్లూస్' పూర్తి చేశాడు. 17 లక్షల రూపాయలు, 17 రోజుల షూటింగు. 1998లో ఆ సినిమా థియేటర్లలోకి వచ్చినప్పుడు మొదట ఆశ్చర్యపోయింది దాని మాటతీరుకి. అందులో మనుషులు ఇంగ్లిషులో మొదలుపెట్టి, హైదరాబాదీ హిందీలోకి దిగి, అమ్మతో మాట్లాడాల్సి వస్తే తెలుగులోకి వచ్చేస్తారు. ఈ ఊళ్ళో చదువుకున్న ఇళ్ళలో వినిపించే మాట అదే. ఏ పెద్ద నిర్మాతా దాన్ని ఒప్పుకుని ఉండేవాడు కాదు. సినిమా తెలుగుదా, హిందీదా, ఏ జిల్లాకి ఎవరు కొంటారు అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేది. డబ్బు తన సొంతం కాబట్టి కుకునూర్ ఆ ప్రశ్నకి జవాబు చెప్పనక్కర్లేకపోయింది.

అందులో వరుణ్ నాయుడు పన్నెండేళ్ళ తర్వాత అమెరికా నించి సెలవుకి ఇంటికొస్తాడు. అమ్మానాన్నా సంబంధాలు చూడటం మొదలెడతారు, అతను ఓ డాక్టరమ్మాయిని ఇష్టపడతాడు, ఇదీ కథ. నాకు మాత్రం అతని పాత స్నేహితులతో కూర్చునే ఘట్టాలే ముఖ్యం. ఒకడికి పెళ్ళయిపోయింది, ఇంకొకడు పెళ్ళి దారిలో ఉన్నాడు. పన్నెండేళ్ళ కిందట ఆపిన దగ్గరే కబుర్లు మళ్ళీ అందుకోవాలని ముగ్గురికీ ఉంటుంది. నవ్వులకి లోటు లేదు. కానీ ఒకడు వాచీ చూసుకుంటాడు. పెద్దవాళ్ళవడమంటే ఏమిటో నాకు ఆ సినిమా చెప్పింది. నలుగురి కాలానికీ ఒకేసారి వెల కట్టరు. ఒకడి కాలానికి ముందు ధర పలుకుతుంది, తక్కినవాళ్ళది ఇంకా ఊరికే పడి ఉంటుంది. హాస్యమంతా ఆ తేడాలోనే పుడుతుంది, బాధ కూడా.

తర్వాతి మలుపు ఓ కెమెరాతో వచ్చింది. 2008లో కేనన్ కంపెనీ 5డి మార్క్ టూ అనే స్టిల్ కెమెరాలో మంచి నాణ్యమైన వీడియో కూడా తీసుకునే వీలు పెట్టింది. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లు కొనుక్కున్నారు. వాళ్ళ దగ్గర అద్దెకి తీసుకుని మన కుర్రాళ్ళు షార్ట్ ఫిల్ములు తీశారు. కార్డు నిండితే కంప్యూటర్లో పోసుకుని మళ్ళీ మొదలెట్టొచ్చు. రోల్ అయిపోతుందన్న భయమే పోయింది. తెలుగులో యూట్యూబు షార్ట్ ఫిల్ముల కాలం అలా వచ్చింది. అందులోంచి వచ్చినవాడే తరుణ్ భాస్కర్. 2016లో 'పెళ్ళి చూపులు' తీశాడు, దానికి మాటల విభాగంలో జాతీయ పురస్కారం వచ్చింది. రెండేళ్ళ తర్వాత 'ఈ నగరానికి ఏమైంది'.

రెండోది సురేష్ ప్రొడక్షన్స్ తీసిన సినిమా. కాబట్టి డబ్బు లెక్కన స్వతంత్ర చిత్రమని అనలేం. కానీ దాని పుట్టుక, దాని నడక పూర్తిగా ఆ షార్ట్ ఫిల్ముల గదుల్లోవే. నలుగురు ముఖ్య నటులూ అప్పటికి జనానికి పెద్దగా తెలియనివాళ్ళు. విశ్వక్ సేన్, సాయి సుశాంత్ రెడ్డి, అభినవ్ గోమటం, వెంకటేశ్ కాకుమాను. కథలో నలుగురూ ఒకప్పుడు కలిసి షార్ట్ ఫిల్ములు తీద్దామనుకున్న స్నేహితులు. ఇప్పుడు దర్శకుడు కావాల్సిన వివేక్ ప్రేమ విఫలమై తాగుతూ కూర్చున్నాడు. కార్తీక్ పబ్‌లో మేనేజరు, ఓనరు కూతురితో పెళ్ళి కుదిరింది, అమెరికా మెట్టు కళ్ళముందే ఉంది. కౌశిక్ డబ్బింగ్ ఆర్టిస్టు. ఉపేంద్ర పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. తాగిన మత్తులో గోవా వెళ్ళిపోతారు, కార్తీక్ నిశ్చితార్థం ఉంగరం పోగొట్టుకుంటారు, ఆ డబ్బు కోసం షార్ట్ ఫిల్మ్ పోటీలో దిగుతారు. కథ చెప్పడానికి నాలుగు ముక్కలు చాలు. చూడాల్సింది ఆ నలుగురూ ఒకరి మాటల మీద ఒకరు ఎలా పడతారో.

ఆ ఒకరి మాట మీద ఒకరు పడటం తెలుగు సినిమాకి కొత్త. మనకి డబ్బింగు అలవాటు. షూటింగులో పలికిన మాట పనికిరాదు, తర్వాత స్టూడియోలో మైకు ముందు ఒక్కొక్కరూ విడివిడిగా నిలబడి చెబుతారు. అలా చెప్పినప్పుడు ప్రతి మాటా శుభ్రంగా వినిపిస్తుంది, ఒకరు పూర్తి చేశాకే ఇంకొకరు అందుకుంటారు. స్నేహితులు ఎక్కడైనా అలా మాట్లాడుకుంటారా? సగం వాక్యం ఒకడు అంటే తక్కిన సగం ఇంకొకడు నవ్వులో మింగేస్తాడు. తరుణ్ భాస్కర్ రెండు సినిమాల్లోనూ అక్కడికక్కడే శబ్దం పట్టారు. ఇందులో నాకు ప్రత్యేకంగా నచ్చింది కౌశిక్ పాత్ర. అతనికి డబ్బింగే బతుకుతెరువు, ఇతరుల పెదాలకి తన గొంతు అరువిస్తాడు. అదే మనిషి స్నేహితుల మధ్య కూర్చున్నప్పుడు అతని గొంతు అతని నోట్లోంచే, ఆ చోటి గాలితో సహా మనకి వినిపిస్తుంది. ఆ తేడా ఎంతమంది గమనించారో గానీ, నాకు ఆ సినిమా గుండెకాయ అక్కడే ఉందనిపిస్తుంది.

2018 జూన్‌లో విడుదలైనప్పుడు ఆ సినిమాకి మంచి పేరే వచ్చింది. కానీ అది నిజంగా ఎవరిదో తెలిసింది సరిగ్గా ఐదేళ్ళకి, 2023 జూన్ 29న మళ్ళీ విడుదల చేసినప్పుడు. మా అక్క కొడుకు "పిన్నీ, ఇది ఇంట్లో కూర్చుని చూసేది కాదు" అని పట్టుబట్టి తీసుకెళ్ళాడు. హాలు నిండా పాతికేళ్ళ పిల్లలు. కొందరి మెళ్ళో ఆఫీసు ఐడీ కార్డులు ఇంకా వేలాడుతున్నాయి. తెరమీద నటుడు నోరు తెరవకముందే హాలంతా ఆ డైలాగు చెప్పేస్తోంది. మా వెనక వరసలో ముగ్గురు కుర్రాళ్ళున్నారు. మధ్యలోవాడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. వీడియో కాల్. అవతల వాళ్ళ నాలుగోవాడు, కారు సీట్లో, మెడమీదుగా బెల్టు పెట్టుకుని. అక్కడ తెల్లవారి ఉంటుంది, పనికి బయల్దేరి ఎక్కడో పార్కింగులో ఆగాడు. తెరమీద కౌశిక్ ఏదో అనగానే ఇక్కడ ముగ్గురూ, ఫోన్లో నాలుగోవాడూ ఒకేసారి అరిచారు. వాడి అరుపు ఓ క్షణం ఆలస్యంగా వచ్చింది. కాసేపటికి "ఇంక వెళ్ళాల్రా" అన్నాడు. "ఉండరా, ఇంటర్వెల్ దాకా" అన్నారు వీళ్ళు. ఉన్నాడు. ఇంటర్వెల్ లైట్లు వెలిగేదాకా కారు కదల్లేదు.

2018లో ఆ సినిమా మొదటిసారి చూసినప్పుడు వాళ్ళు ఇంజనీరింగ్ పిల్లలై ఉంటారు. అప్పుడు అది వాళ్ళ మీద వచ్చిన సినిమా. ఐదేళ్ళ తర్వాత అది వాళ్ళు పోగొట్టుకున్నదాని మీద వచ్చిన సినిమా. ఈ మధ్యలో ఏం జరిగిందో తెలుగిళ్ళల్లో అందరికీ తెలుసు. ఒకడికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది, ఒకడు ఎమ్మెస్‌కి వెళ్ళాడు, ఒకడు గ్రూప్స్‌కి కోచింగులో కూర్చున్నాడు, ఒకడు తండ్రి షాపు చూసుకుంటున్నాడు. ఉద్యోగం వచ్చినవాడు పార్టీ ఇచ్చిన రోజున ఉద్యోగం రానివాడు త్వరగా వెళ్ళిపోతాడు, ఎవరూ ఏమీ అనరు. తర్వాత వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు కేకులు మిగులుతాయి. మన సినిమా ఈ విడిపోవడాన్ని ఎప్పుడూ గొడవగానే చూపించింది, అపార్థమో అమ్మాయో డబ్బో కారణంగా. నిజానికి చాలా స్నేహాలు గొడవల్లేకుండానే పలచబడతాయి. కారణం లేకపోవడమే అందులో బాధ. దాన్ని పట్టుకోవడానికి విలన్ అక్కర్లేదు. గడియారం చాలు.

నేను ఈ సినిమాల్ని ఎంత ప్రేమించినా, ఓ సంగతి అడక్కుండా ఉండలేను. ఆ గదుల్లో మేమెక్కడ? 'ఈ నగరానికి ఏమైంది'లో వివేక్ తాగుబోతవడానికి కారణం ఓ అమ్మాయి. 'క్లర్క్స్'లో డాంటే బెంగంతా పాత ప్రేయసికీ ఇప్పటి ప్రేయసికీ మధ్య ఊగుతుంది. కబుర్లు మగపిల్లలవి, ఆ కబుర్లకి ముడిసరుకు ఆడపిల్లలు. ఇంకోటి, స్నేహం చూపించాలంటే సీసా తెరవాల్సిందే అన్న అలవాటు. మనసు విప్పడానికి మందు ఒక్కటే దారన్నట్టు రాస్తే అది రాసేవాళ్ళ బద్ధకం. తరుణ్ భాస్కర్ లాంటి మంచి రచయిత దగ్గర అది నాకు మరీ కష్టంగా ఉంటుంది.

ఊరికే కూర్చోవడం మాకూ ఉండేది. మగపిల్లలకి బ్యాచిలర్ రూమ్ ఉంటే మాకు లేడీస్ హాస్టల్. నేను చదువయ్యాక కోర్సు చేయడానికి హైదరాబాద్ వచ్చినప్పుడు అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో అడుగడుక్కీ ఓ హాస్టలు బోర్డు ఉండేది. గదికి ఐదు మంచాలు, కింద ట్రంకు పెట్టెలు, రాత్రి ఎనిమిదిన్నరకి గేటు తాళం. మగపిల్లలు ఆ వేళకి టీకొట్టు దగ్గర మొదలుపెట్టేవారు. మాకు ఆ వేళకి మెట్లమీద మొదలయ్యేది. కింద వరండాలో రూపాయి బిళ్ళ ఫోను. దాని దగ్గర క్యూలో మూడో మెట్టు నించి పై అంతస్తు దాకా కూర్చునేవాళ్ళం. ముందున్న పిల్ల ఇంటికి ఫోన్ చేసి "బావున్నానమ్మా, బాగా తింటున్నాను" అంటుంటే వెనకున్నవాళ్ళం ఆ పూట చారు తలుచుకుని నవ్వాపుకునేవాళ్ళం. తన వంతు వచ్చినప్పుడు ప్రతివాళ్ళూ ఆ మాటే చెప్పేవారు.

మా గదిలో ఓ నేవీ బ్లూ చుడీదార్ ఉండేది. మా నెల్లూరమ్మాయిది. వాళ్ళ నాన్నగారు ఇంటర్వ్యూల కోసమని మంచి బట్ట తీయించి కుట్టించి పంపారు. మొదటిసారి అది వేసుకుని వెళ్ళినప్పుడే ఆ పిల్లకి ఉద్యోగం వచ్చింది. ఇక ఆ తర్వాత గదిలో ఎవరికి ఇంటర్వ్యూ ఉన్నా అదే చుడీదార్. మా సూర్యాపేట పిల్ల నెల్లూరమ్మాయికన్నా సగం ఉండేది. నేను జానెడు పొడుగు. ఇంటర్వ్యూ ఉన్న రోజున పొద్దున్న ఐదింటికే ఇద్దరు ముందూ ఇద్దరు వెనకా నిలబడి పిన్నీసులు పెట్టేవాళ్ళు. నడుము దగ్గర నాలుగు, భుజాల లోపల రెండు, నాకైతే చేతుల కుట్లు విప్పి బారు చేయడమే. "చేతులు పైకెత్తకు, ఎవరికీ నమస్కారం పెట్టకు" అని జాగ్రత్తలు చెప్పి పంపేవాళ్ళు. సూర్యాపేట పిల్ల ఇంటర్వ్యూ గదిలో పెన్ను కింద పడితే వంగలేక అలాగే చూస్తూ నిలబడిందట. వాళ్ళు అది నిబ్బరమనుకున్నారు. ఉద్యోగం వచ్చింది. ఆ రాత్రి గదిలో నవ్విన నవ్వుకి వార్డెన్ ఆంటీ రెండుసార్లు పైకొచ్చింది. నెల తిరిగేసరికి ఆ పిల్ల బెంగళూరు వెళ్ళిపోయింది. మంచం ఖాళీగా ఉంటే అద్దె నష్టమని మర్నాడే కొత్తమ్మాయి దిగింది. మేం ఆ కొత్తమ్మాయితో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఇలాంటి ఐదుగురి మీద తెలుగులో సినిమా ఏదని ఎవరైనా అడిగితే నేను ఆలోచించాల్సొస్తుంది. ఆ లోటు నాకు తీర్చింది వేరే దేశం సినిమా. నోవా బామ్‌బాక్ తీయగా గ్రెటా గెర్విగ్ అతనితో కలిసి రాసి, తనే నటించిన 'ఫ్రాన్సెస్ హా'. 2012 నాటిది, నలుపు తెలుపు, తీసింది మన పెళ్ళి ఫోటోగ్రాఫర్లు కొనుక్కున్న అదే 5డి మార్క్ టూ తోనే. ఇరవై ఏడేళ్ళ ఫ్రాన్సెస్ న్యూయార్కులో ఓ నాట్య బృందంలో శిష్యురాలు. ప్రాణస్నేహితురాలు సోఫీతో ఒకే ఇంట్లో ఉంటుంది. సోఫీకి ఇంతకన్నా మంచి పేటలో ఇల్లు దొరుకుతుంది, వెళ్ళిపోతుంది. అంతే. అక్కణ్ణించి ఫ్రాన్సెస్‌కి నిలవనీడ ఉండదు. ఒకరి ఇంట్లోంచి ఇంకొకరి ఇంట్లోకి, ఓ సోఫా మీంచి ఇంకో సోఫా మీదికి. క్రెడిట్ కార్డు మీద టికెట్టు కొనుక్కుని రెండు రోజులకోసం పారిస్ వెళ్ళి, ఆ రెండు రోజుల్లో చాలాభాగం నిద్రపోతుంది. ఆ సినిమాలో ప్రేమకథ లేదనను. ఉంది, అది ఇద్దరు స్నేహితురాళ్ళది. ఓ ఆడపిల్లకి స్నేహితురాలు దూరమవడం మగవాడు దూరమవడమంత పెద్ద సంగతని తెరమీద చూసినప్పుడు నాకు మా గదిలో ఆ ఖాళీ మంచం గుర్తొచ్చింది.

ఇప్పుడు డబ్బు అడ్డం కాదు. ఫోన్లోనే సినిమా తీయొచ్చు, కత్తిరించొచ్చు, లోకానికి చూపించొచ్చు. అడ్డం ఇంకొకటి వచ్చింది. ఫోన్లో చూసేవాళ్ళు మొదటి ఐదు సెకన్లలో పట్టుబడకపోతే వేలు కదిపేస్తారు. అందుకని షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలు కూడా మొదటి ఫ్రేములోనే అరుపుతో, చెంపదెబ్బతో మొదలుపెడుతున్నారు. అప్పుడు రోల్ అయిపోతుందని భయపడేవారు, ఇప్పుడు చూసేవాడు పోతాడని. టీ తాగుదామా అన్నవాడికి ఈసారి కూడా చోటు లేదు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతోంది. ఖర్చు లేకుండా పోయింది గానీ, దానితో రావాల్సిన తీరిక రాలేదు.

మా అన్నయ్య కూతురు కూకట్‌పల్లిలో పీజీలో ఉంటుంది. తనూ రూమ్మేట్లూ కలిసి ఓ అరగంట సినిమా తీద్దామనుకుంటున్నారు. మంచాలు మారాయి గానీ గదికి మనుషులు మాత్రం అంతే. మొన్న నాతో మాట్లాడుతూ ఆ చుడీదార్ సంగతి విని, "అత్తా, ఇది మేం తీసుకుంటాం, ఇచ్చెయ్" అంది. ఇచ్చేశాను. కానీ వాళ్ళు రాసుకున్న మొదటి ప్రతిలో కథ నేరుగా ఇంటర్వ్యూ గదిలో, పెన్ను కింద పడటంతో మొదలైంది. అక్కడే నవ్వు వస్తుందనీ, ముందు అదే పడాలనీ వాళ్ళ ఎడిటరమ్మాయి వాదన. నేను ఫోన్లో గంటసేపు పోట్లాడాను. పొద్దున్న ఐదింటికి పిన్నీసులు పెట్టడం ముందు చూపించాలనీ, నలుగురు నిద్రమొహాలతో ఒక మనిషి చుట్టూ మూగి, ఒకరు పిన్నీసు పళ్ళ మధ్య పట్టుకుని ఏదో అంటే అది ఎవరికీ అర్థం కాక అందరూ నవ్వితే, ఆ నవ్వుకి బట్ట కదిలి పిన్నీసు గుచ్చుకుంటే, మళ్ళీ మొదటినించీ పెట్టాల్సి వస్తే, అదంతా ఒక్క ముక్క కూడా కోయకుండా ఉంచాలనీ చెప్పాను. ఎంతసేపు ఉంటుంది అత్తా అని అడిగింది. మూడు నిమిషాలైనా ఉండాలన్నాను. మూడు నిమిషాలంటే ఎవరూ చూడరంది. రెండున్నర దగ్గర బేరం ఆగింది. ఆదివారం వాళ్ళ పీజీకి వెళుతున్నాను. పిన్నీసులు లోపలివైపు నించి ఎలా పెట్టాలో వాళ్ళలో ఒక్కరికీ రాదట.